‘హంతకురాలు’ గ్రీకు నవల: పాత్ర గురించి ఏం రాసినా ఎర్రగీతే

మేడమీదగది

దూరవిద్యలో ఎం.ఏ. తులనాత్మక సాహిత్యం చేస్తున్నాను. ఈ సెమిస్టర్‌లో ఒక ఆధునిక గ్రీకు నవల ఉంది. అలెగ్జాండ్రోస్ పాపదియమాంటిస్ రాసిన ‘ఫోనిస్సా’, 1903లో వచ్చింది. హంతకురాలు అని అర్థం. పీటర్ లెవీ ఇంగ్లిష్ అనువాదం దొరికితే రెండు రాత్రుల్లో చదివేశాను. చదవడం తేలికే, రాయడమే చావుకొచ్చింది. ప్రధాన పాత్ర స్వభావం, ఇతివృత్తాలు, మొత్తం ఎనిమిది పేజీలు రాయాలి.

తెలియనివాళ్లకి కథ రెండు ముక్కల్లో చెప్తాను. స్కియాథోస్ అనే చిన్న దీవి. అరవై ఏళ్ల హదూలా, ఊళ్లోవాళ్లకి ఫ్రాంగోయన్నూ. మొగుడు పోయాడు. కూతురికి ఆడపిల్ల పుట్టింది, పిల్లకి దగ్గు, జ్వరం. ఈ ముసలావిడ పొయ్యి పక్కన కూర్చుని రాత్రుళ్లు కాపలా కాస్తూ తన బతుకంతా నెమరేసుకుంటుంది. ఆడపిల్లని పెంచడం, కట్నం కూడబెట్టడం, మళ్లీ దానికో ఆడపిల్ల, మళ్లీ కట్నం. అలా ఆలోచిస్తూ ఆలోచిస్తూ ఒక రాత్రి ఆ పసిదాని గొంతు నొక్కేస్తుంది. అక్కడితో ఆగదు.

“ఆమె హంతకురాలూ, బాధితురాలూ కూడా. పితృస్వామ్య వ్యవస్థే ఆమెను అలా తయారుచేసింది” అని మొదలుపెట్టాను. సార్ ఆ వాక్యం చుట్టూ ఎర్రగా గీసి పక్కన రాశారు: “ఇది ఏ నవలకైనా అతుకుతుంది. ఈ నవలకే అతికేది రాయి.”

మూడు రోజులైంది. ఒక్క వాక్యం పడలేదు. ఎవరైనా చదివారా?

గోదారిగట్టు

మీ సార్ అన్నది నిజమే. కాకపోతే ఆ కామెంటు కూడా ఏ విద్యార్థి పేపర్ మీదైనా అతుకుతుంది :)

కందిపొడి

మొదటి పోస్టులోనే హత్య చెప్పేశారు. ఇంక చదవడానికేం మిగిలిందండీ!

మేడమీదగది

@కందిపొడి పుస్తకం పేరే హంతకురాలు. ఇంకా స్పాయిలర్ ఏంటి?

పాతపుస్తకం

గుణాలు రాయడం మానేసి లెక్క రాయండి. ఎవరికి ఏమిచ్చారు, ఎవరి దగ్గర ఏం తీసుకున్నారు. ఈ నవల సగం దాని మీదే నడుస్తుంది.

పెళ్లప్పుడు హదూలాకి అమ్మానాన్నలు ఏమిచ్చారో గుర్తుందా? కాస్ట్రోలో ఒక ఇల్లు. కాస్ట్రో అంటే దీవి ఉత్తరపు కొసన బండ మీదున్న పాత కోట ఊరు. సముద్రపు దొంగలకి భయపడి జనం తరాల తరబడి అక్కడే ఉన్నారు. గ్రీసుకి స్వాతంత్ర్యం వచ్చాక, 1830 ప్రాంతంలో, దాన్ని వదిలేసి కిందికి దిగి రేవు దగ్గర ఊరు కట్టుకున్నారు. అంటే పిల్లకి మనుషుల్లేని ఊళ్లో కూలిపోతున్న ఇల్లిచ్చారన్నమాట. దాంతోపాటు బోస్తాని అని ఒక పొలం చెక్క. దాని మీదా పక్కవాళ్ల తగాదా. పనికొచ్చేవన్నీ తమ దగ్గరే అట్టేపెట్టుకున్నారు.

ఇంక మొగుడు. వాడికి కూలిడబ్బులు లెక్కపెట్టుకోవడం కూడా రాదని ఊళ్లో పెట్టిన పేరు ‘లెక్క’. నిజంగా అదే పేరు. ఆ సంసారంలో లెక్క చూసింది ఆమె. వాడి కూలి తాగుడికి పోకుండా చేతిలోంచి లాక్కోవడం, తల్లి దాచుకున్న నాణేల్లోంచి దొంగిలించడం, ఆకులూ వేళ్లూ ఏరి మందులమ్మడం, పైసా పైసా కూడబెట్టి ఒక గూడు కట్టుకోవడం. అలాంటి మనిషి ఉయ్యాల పక్కన కూర్చుంటే ఏం చేస్తుంది? లెక్కే వేస్తుంది.

మేడమీదగది

‘లెక్క’ అనే పేరు చదివి నవ్వుకుని పేజీ తిప్పేశాను. ఛ.

రిటైర్డ్‌లెక్కలు

ముప్పై రెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి కాబట్టి నేనూ ఓ చెయ్యి వేస్తాను. లెక్క వల్లే చంపిందంటే పాత్ర మరీ చిన్నదైపోతుంది. మా ఊళ్లో నలుగురు కూతుళ్లున్న ఇళ్లు ఎన్నో చూశాను. అందరికీ అదే లెక్క. ఎవరూ ఇలా చెయ్యలేదు. ఆవిడలో ఇంకేదో ఉంది, అదేంటో చెప్పాలి.

పాతపుస్తకం

అదే కారణమని నేననలేదు మాస్టారూ. అక్కణ్ణించి మొదలుపెట్టమన్నాను, అంతే.

నర్సమ్మ

నవల చదవలేదు, మీరు చెప్పిన కథ చదివి ఆగిపోయాను. ప్రసూతి వార్డులో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. ఒకసారి మూడో కాన్పూ ఆడపిల్లే. బయటికొచ్చి చెప్తే నాయనమ్మ కాసేపు గోడకేసి చూసి, “బతికి బట్టకడుతుందా?” అని అడిగింది. పిల్ల రెండుంపావు కిలోలు, కొంచెం తక్కువే. బతకాలని అడిగిందో, వద్దని అడిగిందో నాకు ఈ రోజుకీ తెలీదు. బహుశా ఆవిడకీ తెలీదు.

ఇంకో మాట. జబ్బు పిల్లతో నాలుగైదు రాత్రులు వరసగా మెలకువగా ఉన్నవాళ్లని చూశాను. చదువుకున్నవాళ్లు కూడా వింతవింతగా మాట్లాడతారు. నిద్రలేమిని తక్కువ చెయ్యకండి.

మేడమీదగది

నర్సమ్మగారూ, నవలలో అచ్చంగా అదే ఉంది. మొదటి పేజీ మొదటి వాక్యంలోనే ఆవిడ నిద్రపోవడం లేదు. ఎదురుపడ్డ ఆడపిల్లల్ని దీవించే తీరు కూడా అలాంటిదే. “ఇంతకంటే ఎదక్కుండా ఉండాలి” అన్నట్టు దీవిస్తుంది. వినేవాళ్లకి అదేదో ముసలమ్మ చాదస్తం.

గోదారిగట్టు

మనకో మాట ఉంది కదా, ఆడపిల్లంటే గుండెల మీద కుంపటి అని. ఈవిడ నవల మొదట్లో కుంపటి పక్కనే ఉంది. మా అమ్మమ్మ ఆ మాట రోజుకోసారైనా అనేది, మా అమ్మ ముందే. తర్వాత నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని జడేసేది. అనడం వేరు, చెయ్యడం వేరు. ఆ మధ్యలో ఎంత దూరం ఉందో ఈ నవల కొలిచి చూపించిందనుకుంటున్నా. మీ వ్యాసానికి అదే పాయింటు చేసుకోవచ్చు.

కందిపొడి

“చిన్నప్పుడు అమ్మానాన్నలకి చాకిరీ, పెళ్లయ్యాక మొగుడికి చాకిరీ, ఆపైన పిల్లలకి, ఆపైన మనవలకి” అని మొదటి అధ్యాయంలో ఆవిడ తేల్చుకుంటుందట కదా (ఇప్పుడే ఒక చోట చదివా). మన మనువుగారు అదే వరస రాశారు: పితా రక్షతి కౌమారే, భర్తా రక్షతి యౌవనే... ఆయన రక్షించారన్నారు, ఈవిడ సేవ చేశానంది. ఒకే బిల్లు, ఎవరు కట్టారన్నదే గొడవ.

అరసున్న

కందిపొడి మొదటిసారి పనికొచ్చే పోస్టు పెట్టారు. సభ గమనించాలి.

చలికాలంచదువు

ఇంతమంది ఇన్ని రాస్తున్నారు గానీ అసలైన పోలిక ఎవరూ చెప్పలేదు. 1889లో రష్యన్ రచయిత దోస్తొయెవ్‌స్కీ నవల ‘నేరము-శిక్ష’ని గ్రీకులోకి తెచ్చి ఏథెన్స్ పత్రికలో సీరియల్‌గా ఇచ్చింది ఈ పాపదియమాంటిసే, ఫ్రెంచి నుంచి. పద్నాలుగేళ్ల తర్వాత ఈ నవల. హదూలా అంటే ఆ నవల హీరో రాస్కోల్నికోవే, గ్రీకు దీవిలో. “నేను చేసేది మేలే” అని హత్య చెయ్యడం ఇద్దరిలోనూ ఉంది. వ్యాసం దీని మీద రాస్తే మార్కులు ఖాయం.

పాతపుస్తకం

అనువాదం సంగతి నిజమే. పోలిక మాత్రం సగం దూరమే వస్తుంది. రాస్కోల్నికోవ్‌కి ముందు సిద్ధాంతం ఉంది, దాని మీద వ్యాసం కూడా అచ్చువేశాడు, తర్వాత గొడ్డలి పట్టాడు. హదూలాకి సిద్ధాంతం లేదు. మొదటి హత్య దాదాపు ఒంటిమీద స్పృహ లేకుండా జరుగుతుంది. సమర్థన తర్వాత వెతుక్కుంటుంది. పశ్చాత్తాపం పీకుతుంటే కొండల్లో ఉన్న సెయింట్ జాన్ గుడికి వెళ్లి, చేసింది తప్పో ఒప్పో తెలిసేలా ఒక గుర్తు చూపించమని అడుగుతుంది. వెనక్కొస్తుంటే ఒక తోటలో ఇద్దరు చిన్నపిల్లలు నీళ్లతొట్టి అంచున ఆడుకుంటూ కనిపిస్తారు. తల్లి జబ్బుతో ఉంది. ఇదే దేవుడు చూపించిన గుర్తు అనుకుని ఇద్దర్నీ తోసేస్తుంది. ఆ తర్వాత కాపాడబోయినట్టు కేకలు కూడా వేస్తుంది.

ఇక రాస్కోల్నికోవ్ చివరికి పోలీస్ స్టేషన్ దాకా వెళ్తాడు. ఈవిడ ఎక్కడికీ చేరదు.

సిద్దిపేట_పిల్ల

గుర్తు అడగడం అనగానే మా మేనత్త యాదికొచ్చింది. కూతురికి రెండు సంబంధాలొస్తే దేవుడి పటం ముందర రెండు చీటీలు వేసి చిన్నపిల్లతోని ఒకటి తీయించింది. తనకు నచ్చని సంబంధం వచ్చింది. “పిల్ల చేతులు కడుక్కోలేదు” అని మళ్లీ వేయించింది. మూడోసారికి దేవుడు దారిలోకొచ్చిండు.

చలికాలంచదువు

నవ్వించారు గానీ నా పోలికకి అది జవాబు కాదు.

సిద్దిపేట_పిల్ల

జవాబే. అడిగే ముందే సమాధానం ఖాయం చేసుకున్న మనిషి ఆమె. మీ రష్యా అబ్బాయి నిజంగానే అనుమానంలో ఉన్నాడు.

వకీలు_నం2

కట్నం అనే మాట దగ్గర ఒక సంగతి సరిచెయ్యాలి. గ్రీకులో ‘ప్రీకా’ అంటారు. మన కట్నంలా పెళ్లికొడుకు తండ్రి చేతిలో పోసే నోట్లకట్ట ఒక్కటే కాదు. ఇల్లు, ద్రాక్షతోట, ఆలివ్ చెట్లు, పొలం, మంచం దుప్పట్లతో సహా పిల్ల పేరు చెప్పి ఇచ్చే ఆస్తి. అజమాయిషీ మాత్రం మొగుడిది. అక్కడ చట్టం దాన్ని 1983లో రద్దు చేసింది. మన నిషేధ చట్టం 1961 నాటిది. ఎవరిది ముందో చూసుకుని మురిసిపోవాలంటే మురిసిపోవచ్చు, కోర్టులో రోజూ నేను చూసేది చూశాక మురిపెం ఉండదు.

గోదారిగట్టు

అంటే పసుపు కుంకుమ కింద రాసిచ్చే ఎకరం లాంటిదన్నమాట.

వకీలు_నం2

దగ్గరిదే. స్త్రీధనం అన్నా కొంతవరకు సరిపోతుంది.

సముద్రపుగాలి

ఈ దారం చూసి లాగిన్ అయ్యాను, రెండేళ్లయింది ఇక్కడ రాసి. మాది విశాఖ, ఓడలో సెకండ్ ఇంజనీర్ని. ఒకసారి మా ఓడ వోలోస్ రేవులో ఎనిమిది రోజులు ఆగింది. మా చీఫ్ ఇంజనీరు గ్రీకాయన, ఆ పక్కవాడే. ఓ రోజు సెలవిస్తే పడవెక్కి స్కియాథోస్ వెళ్లాను. పాపదియమాంటిస్ ఇల్లు ఊరి మధ్యలో ఉంది, మ్యూజియం చేశారు. ఎంత చిన్న ఇల్లంటే, మేడమెట్లు ఎక్కుతుంటే నా భుజాలు రెండు వైపులా రాసుకున్నాయి. తండ్రి చర్చిలో పూజారి. రచయిత పెళ్లి చేసుకోలేదు, ఏథెన్స్‌లో పత్రికలకి అనువాదాలు చేసి బతికాడు, పెళ్లికాని తోబుట్టువులు ఈ ఇంట్లో. కట్నం లెక్కలు ఆయన ఎక్కణ్ణించో తెచ్చి రాయలేదు.

తిరిగొచ్చాక చీఫ్‌ని ఆ నవల గురించి అడిగాను. బళ్లో చదివాడట. రెండు ముక్కలు కంఠతా ఉన్నాయి. ఒకటి, మొదటి హత్యకి ముందు ఆవిడ గురించి రచయిత అనే మాట: ‘ప్సీలోసె ఓ నూస్ తిస్’. ఆమె బుద్ధి పొడుగెదిగింది, ఎత్తుకెళ్లింది అని. పిచ్చెక్కింది అని చెప్పడానికే. మనం తలకెక్కింది అంటామే, అలాంటిదే గానీ పొగరు కాదు. చీఫ్ చెయ్యి నెత్తిమీద పెట్టి పైకి లేపి చూపించాడు, ఇంత ఎత్తుకి అని.

రెండోది చివరి మాట. తనని తరుముతున్న పోలీసుల్ని తప్పించుకుంటూ, పాపాలు చెప్పుకోవడానికి సముద్రంలో బండమీద ఉన్న సన్యాసి దగ్గరికి బయల్దేరుతుంది. బండకీ ఒడ్డుకీ మధ్య సన్నటి ఇసుక దారి. పోటు వచ్చి నీళ్లు పెరుగుతాయి. మునిగిపోతూ ఎదురుగా చూస్తే దూరంగా ఒడ్డున బోస్తాని పొలం. తన పెళ్లికిచ్చిన చెక్క. “ఓ! అదిగో నా ప్రికియో!” అంటుంది. అంతే. దైవ న్యాయానికీ మనుషుల న్యాయానికీ సగం దారిలో చనిపోయిందని రచయిత ముగిస్తాడు.

నర్సమ్మ

చదువుతుంటే ఒళ్లు జలదరించింది.

మేడమీదగది

నా అనువాదంలో అక్కడ ‘డౌరీ’ అని ఉంది. చదివినప్పుడు ఇదేదో వ్యంగ్యం అనుకుని వదిలేశాను. అది కంటికి కనబడుతున్న పొలం అని బుర్రకెక్కలేదు! తెలుగులో ఆ మాట ఎలా చెప్తారు? వ్యాసంలో నేనే అనువదించుకోవాలి.

గోదారిగట్టు

“అదిగో నా పసుపు కుంకుమ!”

అరసున్న

చస్తున్న విధవరాలి నోట పసుపు కుంకుమ అంటే పాఠకుడు ఇంకెక్కడికో పోతాడు. మొగుడు గుర్తొస్తాడు. అక్కడ మొగుడి ప్రసక్తే లేదు. ‘అరణం’ అని చక్కటి మాట ఉంది మనకి, పెళ్లిలో ఆడపిల్లకి పుట్టింటివాళ్లిచ్చేది. “అదిగో నా అరణం!”

కందిపొడి

అరణం అంటే మా తరంలో సగం మంది అరణ్యం అక్షరం తప్పుగా రాశారనుకుంటారు గురువుగారూ.

వకీలు_నం2

“అదిగో నా కట్నం పొలం.” సాదాగా ఉంటుంది, అర్థమూ అవుతుంది.

అరసున్న

సాదాగా ఉంది, ఊపిరి లేదు. నీళ్లు మింగుతున్న మనిషి రెండు మాటలకంటే ఎక్కువ అనదు.

సముద్రపుగాలి

ఓడలో పనిచేసేవాణ్ణి కాబట్టి చెప్తున్నా, అరసున్నగారి రెండో పాయింటు నిజం.

అరసున్న

భాష మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. ఈ నవల కథనమంతా కథరేవూసా అనే సంస్కరించిన పండిత గ్రీకులో ఉంటుంది. పాత్రలు మాట్లాడేది మాత్రం దీవి యాస. సరిగ్గా మన గ్రాంథిక-వ్యావహారిక గొడవ లాంటిదే అక్కడా ఉండేది, మనకంటే ముదిరింది. 1901లో బైబిల్ సువార్తల్ని వాడుకభాషలోకి మార్చి అచ్చేస్తే ఏథెన్స్ వీధుల్లో అల్లర్లయి ఎనిమిదిమంది చచ్చిపోయారు. మన దగ్గర గిడుగు వారి మీద ఎంత కోపమున్నా ఎవరి ప్రాణమూ పోలేదు. వాడుకభాష అక్కడ అధికార భాషయింది 1976లోనే.

దీనికీ పాత్రకీ సంబంధం ఉంది, పక్కదారి అనుకోకండి. పసిపిల్ల గొంతు నొక్కడాన్ని గుడిలో చదివే భాష వంటి భాషలో చెప్తాడు. ఎక్కడా గొంతు పెంచడు, తిట్టడు. హదూలా నోరు తెరిస్తే మాత్రం పక్కింటి పిన్ని మాట్లాడినట్టుంటుంది. ఆ రెంటి మధ్యలో మనం ఎటు నిలబడాలో తెలీదు. మేడమీదగది గారి సార్ అడుగుతున్న ‘ఈ నవలకే అతికేది’ ఇదే అని నా అభిప్రాయం. ఇంగ్లిష్ అనువాదంలో ఇది సగానికి సగం కారిపోతుంది.

మేడమీదగది

గ్రీకు రాకుండా దాని మీద రాస్తే సార్ మళ్లీ ఎర్రగీత పెడతారు, “నీకెలా తెలుసు?” అని.

కందిపొడి

“చర్చావేదికలో అరసున్న చెప్పారు” అని రాయండి.

చలికాలంచదువు

గురజాడ కన్యాశుల్కం కూడా దగ్గరి కాలందే, 1897. అక్కడ పిల్లని అమ్ముతారు, ఇక్కడ పిల్లతోపాటు ఆస్తి ఇవ్వాలి. రెంటినీ పక్కపక్కన పెట్టొచ్చు.

రిటైర్డ్‌లెక్కలు

పెట్టొచ్చు. ఎనిమిది పేజీల్లో పెట్టొద్దు.

సిద్దిపేట_పిల్ల

ఇప్పటిదాకా అన్ని పోస్టులూ మళ్లీ చదివిన. హదూలా, ఫ్రాంగోయన్నూ, రాస్కోల్నికోవ్, గురజాడ, గిడుగు, అందరి పేర్లూ ఉన్నాయి. చచ్చిపోయిన పిల్లల్లో ఒక్కరి పేరు ఒక్కరూ రాయలేదు. ‘పసిది’, ‘ఇద్దరు చిన్నపిల్లలు’. మీరంతా కలిసి ఆమె దుఃఖానికి కుర్చీ వేసి కూర్చోబెట్టిండ్రు.

నవల నేను నిన్న రాత్రి డౌన్‌లోడ్ చేసుకుని పొద్దుటికి అయిపోగొట్టిన. మొదటి పిల్ల పేరు హదూలా. అవును, అమ్మమ్మ పేరే పెట్టిండ్రు. పెడుతుంటే ముసలిది ముఖం అదోలా పెట్టి “పేరు పోవద్దు కదా!” అంటది. ఇంకొక పిల్ల క్సెనూలా. ఆ పిల్లని ఈమె తొయ్యలేదు కూడా. బావి మీదికి వంగి ఆడుతుంటే ‘పడిపోతే బాగుండు’ అనుకుంది, పిల్ల పడిపోయింది. ఈమె పరుగెత్తలేదు.

పాతపుస్తకం

ఒప్పుకుంటున్నాను. నాకు పట్టలేదు.

మేడమీదగది

తన పేరుగల పిల్లని... ఆగండి. హదూలా వాళ్లమ్మ పేరు దెల్‌ఖారో. పెద్దకూతురి పేరూ దెల్‌ఖారో. ఆ కూతురికి పుట్టిన పిల్ల హదూలా. అంటే మనలాగే, ఒక తరం విడిచి ఒక తరం. మా నాయనమ్మ పేరే నాకూ ఉంది, బళ్లో రిజిస్టర్లో చూసి అందరూ నవ్వేవాళ్లు. ఆవిడ చంపింది తననేనా?

రిటైర్డ్‌లెక్కలు

అది చాలా మంది రాసేస్తారు, జాగ్రత్త. అందంగా ఉంటుంది కదా. సిద్దిపేట అమ్మాయి చెప్పింది మళ్లీ చూడండి. మీరు మళ్లీ ఆ పిల్లని తీసి ముసలమ్మనే కూర్చోబెడుతున్నారు.

మేడమీదగది

అవును. సారీ.

సిద్దిపేట_పిల్ల

ఇంకొకటి, పాతపుస్తకం సార్ లెక్క పాయింటు మీదనే. ఆ ఇంట్ల కొడుకుల లెక్క చూడండి. ఇద్దరు అమెరికా పోయిండ్రు, పత్తా లేరు. మూడోవాడు తాగొచ్చి తోబుట్టువు అమెర్సాని కత్తితో పొడిచిండు. తల్లీ కూతురూ కలిసి గాయం దాచి, పోలీసులకి ఏమీ కాలేదని చెప్పి వాణ్ణి కాపాడిండ్రు. వాడు తర్వాత ఇంకొకణ్ణి చంపి జైల్లో పడ్డడు. ఇంట్ల మగ్గం నేసేదెవరు? పెళ్లికాని ఆ అమెర్సానే. ఖర్చెవరు, ఆదాయం ఎవరు? ముసలామె రాత్రంతా కూర్చుని ఆడపిల్లలు భారం అని తేల్చింది. లెక్కే తప్పు.

గోదారిగట్టు

అబ్బా.

పాతపుస్తకం

ఇది రాయమ్మా. ‘మేడమీదగది’కి చెప్తున్నా. నేను సగం దాకా తెచ్చి వదిలేసింది ఈ పిల్ల పూర్తిచేసింది. లెక్కల్లో ఆరితేరిన మనిషి వేసిన ఒక్క పెద్ద లెక్క తప్పు. కాకపోతే ఆ తప్పు ఆమె ఒక్కతే చెయ్యలేదు. ఊరంతా అదే ఎక్కం బట్టీపట్టింది.

నర్సమ్మ

ఆ మొగపిల్లవాణ్ణి ఉయ్యాల్లో ఉండగా ఎవరూ అలా చూడలేదు కదా. మా వార్డులోనూ అంతే. మొగపిల్లాడని చెప్పాక “బతికి బట్టకడతాడా” అని ఎవరూ అడగలేదు, ఒకటిన్నర కిలోలున్నా సరే. “ఏం కాదు కదమ్మా?” అనే అడుగుతారు.

చలికాలంచదువు

మరైతే ఆమె మంత్రసానిలాంటి మనిషి, ఊరికి మందులిచ్చిందీ ఆమే, ఆ పక్షం ఎవరు రాస్తారు? మారూసా అనే ఆవిడని గుర్తుచేసుకోండి. ఒకప్పుడు మారూసాకి పెళ్లికాకుండా కడుపొస్తే గుట్టుగా తీయించి పరువు నిలబెట్టింది హదూలాయే. తర్వాత పోలీసులు వెంటపడితే ఆ మారూసా ఇంట్లో దాచింది. అవే చేతులు. హదూలాని ఉత్త రాక్షసిని చేసి వదిలేస్తే మీ సార్ దానికీ గీత పెడతారు.

సిద్దిపేట_పిల్ల

రాక్షసి అని నేను అనలేదు. పిల్లల పేర్లు రాయమన్న, అంతే.

సముద్రపుగాలి

కొండల సంగతి ఎవరూ అనలేదు. చివరి అధ్యాయాలన్నీ పారిపోవడమే. సెలయేళ్లు, గుహలు, చిన్న చిన్న గుళ్లు, ఆకుల వాసన. నేను కాస్ట్రో దాకా నడిచాను ఆ రోజు, ఎండలో రెండున్నర గంటలు పైనే పట్టింది. తోవ మధ్యలో ఎక్కడ చూసినా సముద్రం. అంత అందమైన చోట ఆమె పరిగెత్తుతుంటే ప్రతి మలుపూ ఆమెకి తెలుసు, ఎందుకంటే నలభై ఏళ్లు అక్కడే మందాకులు ఏరింది. వెంటపడ్డ పోలీసులకి తోవ తెలీదు. అయినా ఆ కొండల్లో ఆమె తలదాచుకున్న గొర్రెలకాపరి గుడిసెలో మళ్లీ ఒక పసిపిల్ల, మళ్లీ అదే. పారిపోయి ఎక్కడికెళ్లినా ఉయ్యాల ఎదురొస్తుంది.

మేడమీదగది

నాలుగు రోజుల తర్వాత వచ్చాను. నిన్న రాత్రి కూర్చున్నాను, మొదటి పేరా ఇలా వచ్చింది. మొహమాటం లేకుండా చెప్పండి:

“హదూలా పెళ్లికి పుట్టింటివాళ్లిచ్చింది మనుషుల్లేని ఊళ్లో ఒక ఇల్లు, తగాదాలో ఉన్న ఒక పొలం చెక్క. మొగుడికి లెక్కలు రావు. ఆ ఇంటి లెక్క అప్పట్నించీ ఆమే రాసింది. నలభై ఏళ్లు రాసిన ఆ పద్దుల్లో కొడుకులు ఎక్కడా ఖర్చు కింద లేరు. తన పేరే పెట్టుకున్న మనవరాలు పుట్టిన పదిహేను రోజులకే ఖర్చు కింద ఉంది.”

రిటైర్డ్‌లెక్కలు

‘పద్దు’ వాడారు. సంతోషం. పదిహేను రోజులని పుస్తకంలో ఉందా?

మేడమీదగది

సరిచూసుకుంటాను మాస్టారూ. లేకపోతే ‘పుట్టిన కొద్ది రోజులకే’ అని మారుస్తా.

అరసున్న

చివరి మాటకి ఏం పెట్టారు?

మేడమీదగది

“అదిగో, నా అరణం!” కింద ఒక్క వాక్యం వివరణ ఇచ్చాను. కందిపొడిగారి తరం కోసం.

కందిపొడి

ధన్యుణ్ణి.

గోదారిగట్టు

పసుపు కుంకుమ ఓడిపోయింది. నిరసన నమోదు చేస్తున్నా.

సిద్దిపేట_పిల్ల

క్సెనూలా ఉందా?

మేడమీదగది

ఉంది. మూడో పేజీలో, బావి దగ్గర. ఆ పేజీలో హదూలా పేరు రాయలేదు.